కాలిబాటకు ముహూర్తం

లింబాద్రి ముప్పై ఆరేళ్లు టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి, తీగ ఎటు పోతే తానూ అటు పోయిన మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని, రిటైరయ్యావు కదా ఇక ఇంటిపట్టున కూర్చో అంటే ఎలా కూర్చుంటాడు? వీడ్కోలు సభలో వేసిన దండ వాడిపోకముందే పాత సైకిలుకు కొత్త టైర్లు వేయించాడు. భార్య భారతమ్మ మూడు రోజులు నచ్చజెప్పి చూసింది. నాలుగో రోజు నుంచి తనే మంచినీళ్ల సీసా నింపి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆయన ఉండే గుండ్లకుంట మున్సిపాలిటీ నగరానికి శివారు. శివారంటే తెలుసు కదా, ఊరు అయిపోయిందని చెప్పలేం, నగరం వచ్చిందనీ చెప్పలేం. అక్కడ కాలనీకో పార్కు, పార్కుకో తాళం. తాళంచెవి కాలనీ సంఘం అధ్యక్షుడి దగ్గర ఉంటుంది. ఆయనగారు మాత్రం పక్క కాలనీ పార్కులో వాకింగ్ చేస్తాడు. లింబాద్రి ఈ తాళాల జోలికి పోలేదు. వెంచర్ల వెనక, పెద్ద పెద్ద గుండ్ల నడుమ, చెరువు అలుగు పక్కన మనుషులు నడిచి నడిచి పడ్డ బాటలుంటాయి చూశారా, వాటి వెంట పడ్డాడు. సైకిలు పోయినంత దూరం సైకిలు మీద, పోనిచోట దిగి కాలినడకన, ఏడాది తిరిగేసరికి పదకొండు బాటలు కనిపెట్టాడు. 'కనిపెట్టాడు' అన్నది ఆయన మాటే. వాటి మీద రోజూ నడిచేవాళ్లకు అవి ఎప్పుడూ కనిపిస్తూనే ఉన్నాయి.

అన్నింటినీ రంగు పెన్సిళ్లతో పెద్ద కాగితం మీద గీసి, కింద 'పరిశోధన: లింబాద్రి' అని రాసుకున్నాడు. మనిషికి ఆ మాత్రం ఆశ ఉండదా? ముప్పై ఆరేళ్లు ఊరందరి ఫోన్లూ మోగించాడు గానీ ఆయన పేరు ఎక్కడా మోగలేదు పాపం.

పదకొండింటిలో ఆయన ప్రాణమంతా నాలుగో నంబరు బాట మీదే. గుట్టకింది బస్తీ దగ్గర మొదలై, రెండు ఏనుగంత గుండ్ల మధ్య నుంచి దూరి, ఒక మోరీ దాటి, మెలికలు తిరుగుతూ విల్లాల వెనక చిన్నగేటు దగ్గర తేలుతుంది. బస్తీలో పద్నాలుగు మంది ఆడవాళ్లు తెల్లారగానే ఆ బాటనే విల్లాల్లో పనికి పోతారు. పన్నెండు నిమిషాల నడక. అదే రోడ్డు మీద చుట్టూ తిరిగి పోతే ముప్పావు గంట. లింబాద్రికి ఆ బాట చూపించింది ఆ పద్నాలుగు మందిలో ఒకామె, బాలమణి. గుండ్ల మధ్య ఈయన సైకిలు ఇరుక్కుపోతే వెనకనుంచి ఒక్క తోపు తోసి బయట పడేసింది.

వానాకాలంలో మోరీ దగ్గర ఆడవాళ్లు జారి పడుతున్నారని బాలమణి ఒకసారి మాటవరసకు అంది. ఆ మాట పట్టుకుని లింబాద్రి, మోరీ మీద ఒక్క బండరాయి వేయించమని అర్జీ రాసి, పటం జతచేసి, మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. ఆయన చేసిన తప్పల్లా ఇదే. ఇవ్వకపోతే బాగుండేది.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే పైనుంచి 'మన శివారు, మన షికారు' అని ఒక పథకం దిగింది. ప్రతి మున్సిపాలిటీ తన పరిధిలో ఒక సహజమైన కాలిబాటను గుర్తించి, ప్రజలు నడిచేందుకు, సైకిలు తొక్కేందుకు అంకితం చేయాలట. గుండ్లకుంట కమిషనర్ గారు వారం రోజులుగా బాట కోసం వెతుకుతున్నారు. కారులో వెతుకుతున్నారు కాబట్టి దొరకలేదు. లింబాద్రి పటం బల్ల మీదికి రాగానే ఆయన లేచి నిలబడ్డారట. వెంటనే కబురంపి లింబాద్రిని పిలిపించి, ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించారు.

"లింబాద్రి గారూ, మీరు సమర్పించినది పటం కాదు. ఇది ఈ పురపాలక సంఘపు పాదచారి వారసత్వానికి తొలి ప్రామాణిక పత్రం" అన్నారు.

ఆ మాటకు లింబాద్రి ఉబ్బితబ్బిబ్బైపోయాడు. బండరాయి సంగతి అడగడం మర్చిపోయి, గుమ్మం దాకా వచ్చాక గుర్తుతెచ్చుకుని వెనక్కి వెళ్లి అడిగాడు. దాన్ని తదుపరి దశలో సానుకూలంగా పరిశీలిస్తామన్నారు.

వారం తిరక్కుండా నాలుగో నంబరు బాట మొదట్లో ఒక ఇనుప గేటు వెలిసింది. అటూ ఇటూ గోడ లేదు, కంచె లేదు, ఒట్టి గేటు. పక్కనే ఒక బోర్డు. 'సహజ కాలిబాట. ప్రారంభోత్సవం జరుగు వరకు ఇందు ఎవరూ నడవరాదు.' గేటుకు ఒక కాపలాదారు కూడా కావాలి కదా. కాంట్రాక్టు ఏజెన్సీ వాళ్లు బస్తీలో ఖాళీగా ఉన్న మనిషిని చూసి ఖాకీ చొక్కా తొడిగి, మెడలో ఈల వేసి కూర్చోబెట్టారు. ఆ మనిషి పేరు నర్సింలు. సాక్షాత్తూ బాలమణి మొగుడు.

మర్నాడు తెల్లారి పద్నాలుగు మందీ వచ్చేసరికి నర్సింలు లేచి ఈల ఊదాడు. బాలమణి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో ఆపుతున్నాడనుకుని.

"నడవొద్దని బోర్డు రాసిండ్రు" అన్నాడు నర్సింలు.

"నీకు సదువొస్తదా?"

"రాదు. గని సార్ సదివి చెప్పిండు."

ఉద్యోగం వచ్చి ఇరవై నాలుగు గంటలైనా కాలేదు, మనిషిలో ఎంత మార్పు. పెళ్లాం ముందు ఏనాడూ గొంతెత్తని వాడు గేటుకు అడ్డంగా నిలబడి డ్యూటీ డ్యూటీయే అన్నాడు. గేటు పక్కనుంచి పోదామంటే దానికీ ఒప్పుకోలేదు. చివరికి అందరూ రోడ్డు మీద చుట్టూ తిరిగి పోయారు. ఆ సాయంత్రం నర్సింలు ఇంటికి వచ్చి అన్నం పెట్టమంటే, పొయ్యికింకా ప్రారంభోత్సవం కాలేదు, అయినంక అంటిస్తానంది బాలమణి.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ అక్కడ జరుగుతున్నది నవ్వులాట కాదు. విల్లాల్లో ఆరున్నర అంటే ఆరున్నరే. ఏడుకు పోతే, ఎనిమిదింటికి ఆఫీసుకు పోవలసిన అమ్మగార్లు ఊరుకుంటారా? రెండు వారాల్లో ఇద్దరి పనులు ఊడిపోయాయి. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని బాలమణికీ చెప్పేశారు. ఆమె నేరుగా లింబాద్రి ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేమేదో మా నడక మేం నడుస్తుంటిమి. మీరెందుకు గీసిండ్రు సార్?" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయింది.

లింబాద్రికి ఆ పూట ముద్ద దిగలేదు. మంచి చేద్దామని పోయి వాళ్ల నోటి దగ్గర కూడు లాగేశానని భారతమ్మ దగ్గర బాధపడ్డాడు. బాధపడి ఏం లాభం, పోయి అడుగు అంది ఆమె. అడగడానికి పోతే కమిషనర్ గారు అసిస్టెంట్ ఇంజినీరు ప్రభంజన్ రావును కలవమన్నారు. ప్రభంజన్ రావుకు ప్రతి మాటకూ ఒక ఫైలు తెరిచే అలవాటు. ఫైలు తెరిచి, ఆ బాటలో ఇదివరకు ఎవరైనా నడిచిన దాఖలా ఉందా అని అడిగాడు. ఇరవై రెండేళ్లుగా పద్నాలుగు మంది రోజూ రెండు పూటలా నడుస్తున్నారని లింబాద్రి ఉత్సాహంగా చెప్పాడు. ప్రభంజన్ రావు మొహంలో రంగు మారింది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఈ మాట ఇంకెక్కడా అనకండి. ప్రారంభం కాని ప్రజాసౌకర్యాన్ని ఇరవై రెండేళ్లు వినియోగించుకోవడం చాలా తీవ్రమైన విషయం. పాత నడకను మానవతా దృక్పథంతో చూసీచూడనట్టు వదిలేస్తున్నాం. కొత్త నడకను మాత్రం ఉపేక్షించేది లేదు" అన్నాడు.

పోనీ ఆ ప్రారంభోత్సవమేదో తొందరగా కానివ్వండి సార్ అని బతిమాలాడు లింబాద్రి. మంత్రిగారు రావాలి. ఆయన వద్దామనుకునేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త బాట తొక్కకూడదని మంత్రిగారి ఇంటి సిద్ధాంతి అన్నాడట. శ్రావణంలో ఆయన శాఖ మారింది. కొత్త మంత్రిగారు ఫైలు చదివేలోపల భాద్రపదం వచ్చింది, అందులోనే పితృపక్షాలూ వచ్చాయి. ఈ లోపల వానలు మాత్రం ఎవరి ముహూర్తం కోసమూ చూడకుండా తెగ కురిశాయి.

దసరా తర్వాత ఒక మంచిరోజు ఖాయమైంది. ఏర్పాట్లు చూద్దామని ప్రభంజన్ రావు టేపు పట్టుకుని వచ్చాడు. గేటు ఉంది. బోర్డు ఉంది. కుర్చీలో నర్సింలు ఉన్నాడు. బాట లేదు. గేటు నుంచి గుండ్ల దాకా వయ్యారిభామ నడుమెత్తు పెరిగి తెల్లగా పూసి ఉంది. కాలిబాట అంటే ఏమిటండీ, కాళ్లు పడితే బాట. నాలుగు నెలలు ఒక్క కాలూ పడనివ్వకుండా కాపలా కాస్తే మిగిలేది గడ్డే. ఇంత చిన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. బాట ఏదని ప్రభంజన్ రావు గద్దించాడు. నర్సింలు కంగారుపడిపోయాడు. ఒక్క పురుగును కూడా పోనియ్యలేదని దేవుడి మీద ఒట్టేసి చెప్పాడు.

అత్యవసర సమావేశం పెట్టారు. సిమెంటు వేసేద్దామంటే పథకంలో 'సహజ' అనే మాట ఉంది. యంత్రంతో చదును చేద్దామన్నా అదే మాట అడ్డొచ్చింది. చివరికి నగరం నుంచి ఒక సలహాదారు వచ్చి, రెండు రోజులు పరిశీలించి, ఈ స్థలంలో పాదఘట్టన సాంద్రత క్షీణించినదనీ, మానవ పాదములతోనే పునరుద్ధరించవలసినదనీ నివేదిక ఇచ్చాడు. అంటే మనుషులు నడవాలన్నమాట. మూడు వారాల పాటు నడవడానికి ఇరవై ఎనిమిది కాళ్లు కావాలని టెండరు పిలిచారు.

అది చదివి లింబాద్రి సంబరపడిపోయాడు. ఇరవై ఎనిమిది కాళ్లంటే లెక్క సరిగ్గా పద్నాలుగు మంది. బాలమణిని వెంటబెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. ప్రభంజన్ రావు కూడా మర్యాదగానే మాట్లాడాడు. నడకలో మూడేళ్ల అనుభవం ఉందా అని అడిగాడు.

"ఇరవై రెండేండ్ల సంది నడుస్తున్న సార్, గదే బాటల" అంది బాలమణి.

"ధ్రువపత్రం?"

"నడకకు ఎవలిస్తరు సార్?"

"సమస్య అదేనమ్మా. మీది అనధికార నడక. దాన్ని అనుభవంగా పరిగణిస్తే రేపు అనధికార కట్టడాలవాళ్లు అందరూ వచ్చి తాపీమేస్త్రీ సర్టిఫికెట్లు ఇమ్మంటారు. పైగా గతంలో ఆ బాటను వాడినవారు, దాని అరుగుదలకు బాధ్యులయ్యే అవకాశం ఉంది. కాబట్టి నిబంధనల రీత్యా మీరు అనర్హులు."

బాలమణి లింబాద్రి వైపు చూసింది. ఆ చూపుకు ఆయన తలెత్తలేకపోయాడు.

నగరంలోని ఒక ఏజెన్సీకి టెండరు దక్కింది. పద్నాలుగు మంది కుర్రవాళ్లు ఆకుపచ్చ టీషర్టులు, బూట్లు వేసుకుని వ్యానులో దిగారు. ఉదయం పదింటికి హాజరు వేయించుకుని, సాయంత్రం ఐదింటి దాకా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచారు. ఎక్కడ నడవాలో సున్నంతో గీత గీసిచ్చింది ప్రభంజన్ రావు. పాత బాట మెలికలు తిరిగి ఉండేదని లింబాద్రి చెప్పి చూశాడు. మెలికకు అంచనా వేసే పద్ధతి తమ రేట్ల పుస్తకంలో లేదన్నాడాయన. తాడు పట్టి సూటిగా గీశాడు. సూటిగా పోయిన గీత చిన్నగేటు వైపు తిరగలేదు. నేరుగా పోయి విల్లాల ప్రహరీ గోడకు తగిలి ఆగిపోయింది. ఆ గోడ అవతలే బాలమణి పనిచేసే ఇంటి పెరడు. గోడ పదడుగుల ఎత్తుంది. బాట గోడకు కొట్టుకుందేమిటని కమిషనర్ గారు అడిగితే ప్రభంజన్ రావు ఒక్క క్షణం ఆలోచించి, అక్కడ 'వ్యూ పాయింట్' అని బోర్డు పెట్టించాడు.

ఆఫీసులో బాలమణి చూసిన ఆ చూపు తర్వాత సిగ్గుతో లింబాద్రి బస్తీ వైపు పోవడమే మానేశాడు. కానీ ఒక సంగతి ఆయన్ను తొలుస్తూనే ఉంది. మొదటి నెల తర్వాత ఇంకెవరి పనీ ఊడినట్టు వినలేదు. ఒకరోజు తెల్లారి ఉండబట్టలేక సైకిలు తీశాడు. గేటుకు దూరంగా, గుండ్లకు అవతలి పక్కనుంచి, ఈతచెట్ల నడుమ తిరిగేసరికి ఎదురుగా కనిపించింది. కొత్త బాట. మూరెడు వెడల్పున, పేడతో అలికిన వాకిలంత నున్నగా, ఈతచెట్లను తప్పించుకుంటూ మెలికలు తిరిగి చిన్నగేటు దాకా పోతోంది. నాలుగు నెలల్లో పన్నెండు జతల కాళ్లు వేసిన బాట అది. మొదటిదానికంటే అందంగా ఉంది. ఆయన చెయ్యి దానంతటదే జేబులోని డైరీ మీదికి పోయింది. పన్నెండో నంబరు. రెండు వంపులు గీసేశాడు కూడా.

అప్పుడే ఎదురొచ్చింది బాలమణి. డైరీని చూసింది. కోప్పడలేదు, పసిపిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"దీన్ని గీయకుండ్రి సార్. మీరు గీస్తే పోతది."

లింబాద్రి ఆ కాగితం చింపి, మడిచి, ఏం చేయాలో తోచక నోట్లో పెట్టుకోబోయాడు. వద్దులెండి అని ఆమె నవ్వేసింది. నవ్విందంటే తనను క్షమించినట్టేనని ఆయన ఇంటికొచ్చి భారతమ్మకు మూడుసార్లు చెప్పాడు.

ప్రారంభోత్సవానికి ముహూర్తం ఉదయం ఏడు గంటలకు కుదిరింది. కమిషనర్ గారు, ప్రభంజన్ రావు ఐదున్నరకే వచ్చారు. లింబాద్రికి సన్మానం ఉందని కారు పంపి మరీ తెచ్చారు. షామియానా వేశారు, గేటుకు రిబ్బను కట్టారు. ఆరింటికి మంత్రిగారి కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. ప్రారంభోత్సవం వీడియోలో గోడ పడకూడదట. మంత్రిగారు చెట్ల మధ్య మెలికలు తిరిగే బాటలో సైకిలు తొక్కాలట. ఫోను పెట్టేసేసరికి కమిషనర్ గారి చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆయన లింబాద్రి చేతులు పట్టుకున్నారు.

"ఈ శివారులో మీకు తెలియని బాట లేదు. దగ్గర్లో ఇంకొకటి చూపించండి. దానికి 'లింబాద్రి మార్గం' అని నామకరణం చేయిస్తాను. రాతి ఫలకం వేయిస్తాను" అన్నారు.

రాతి మీద పేరు. అబద్ధమెందుకు, లింబాద్రి మనసు ఒక్క నిమిషం ఊగింది. కళ్లు మూసుకుంటే ఆ అక్షరాలు కూడా కనిపించాయి. తెరిచి, ఈ చుట్టుపక్కల ఇంకే బాటా లేదు సార్ అన్నాడు. కానీ కమిషనర్ గారి కళ్లకు ఆ రోజు అవసరం పడింది కాబట్టి చూపు వచ్చింది. గడ్డి మధ్య ఏదో గీత కనిపించి, గుండ్లు దాటి అటు నడిచారు. ప్రభంజన్ రావు వెంటపడ్డాడు. లింబాద్రి వాళ్ల వెనకే పోయాడు.

అప్పటికి బాలమణి వాళ్లు ఆ బాటలో సగం దూరంలో ఉన్నారు. అధికారులను చూశారు. ముందున్న బాలమణి వెనక్కి ఏదో అంది. మరుక్షణం పన్నెండు మందీ ఉన్నవాళ్లు ఉన్నచోటే, బాట మీదే కూర్చున్నారు. చీరలు పరుచుకుని మరీ కూర్చున్నారు.

"ఎవరు మీరు? ఇక్కడ నడుస్తున్నారా?" అని గద్దించాడు ప్రభంజన్ రావు.

"నడుస్తలేం సార్. కూసున్నం" అంది బాలమణి.

లింబాద్రి ముందుకొచ్చాడు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు రిపోర్టు కూడా రాయని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"వీళ్లు రోజూ ఈడనే కూసుంటరు సార్. కూసోని కూసోని గడ్డి అరిగిపోయింది. గంతే, బాట గాదు."

"ఇలా వరుసగానా?"

"వరుసగనే సార్. క్రమశిక్షణ ఎక్కువ."

కమిషనర్ గారు గడ్డం నిమురుకున్నారు. ఆయన మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది. ఆ వెలుగును లింబాద్రి ఇదివరకు ఒకసారి చూసి ఉన్నాడు, పటం గురించి పిలిపించి టీ తెప్పించిన రోజున.

"ప్రభంజన్ రావు గారూ, నోట్ చేసుకోండి. మహిళల సహజ సామూహిక ఉపవేశన స్థలం. ఇలాంటిది రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు. వచ్చే ఏడాది ప్రతిపాదనల్లో పెడదాం. అధికారికంగా ప్రారంభించే వరకు ఇక్కడ ఎవరూ కూర్చోవడానికి వీల్లేదు."

ప్రభంజన్ రావు రాసుకుని, తల ఎత్తి, ఆడవాళ్ల వైపు చెయ్యి చూపిస్తూ చదివి వినిపించాడు. ఇచ్చట కూర్చొనరాదు.

"కూసోవద్దా సార్?" అంది బాలమణి.

"ఎంతమాత్రం వీల్లేదు."

"సరే సార్" అని బాలమణి లేచింది. ఆమె వెనక పదకొండు మందీ లేచారు. చీరలు దులుపుకున్నారు. ఆజ్ఞ ప్రకారం ఒక్కరు కూడా కూర్చోకుండా, చిన్నగేటు వైపు గబగబా నడిచి వెళ్లిపోయారు. కమిషనర్ గారు, ఆదేశం అమలైనందుకు తృప్తిగా తల ఊపారు.

మంత్రిగారు ఎనిమిదింటికి వచ్చారు. గోడకు అడ్డంగా ఏదో మంచుదేశపు అడవి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, సైకిలెక్కి గోడ దాకా పోయి, దిగి, మైకు అందుకున్నారు. ఇవాళ్టి నుంచి ఈ బాట ప్రజల సొత్తు, ఇక దీనిలో ఎవరైనా నడవవచ్చునని ప్రకటించారు. లింబాద్రికి ఆ మాటలు సగమే వినిపించాయి. గోడ అవతల, పెరట్లో కుళాయి దగ్గర, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వస్తోంది. ఆయన చెవి అటే ఉంది. చప్పుడు ఆగకుండా, గట్టిగా, హాయిగా వస్తోంది. బాలమణి టైముకే చేరింది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది లింబాద్రే. మంత్రిగారు ఆయన వైపు తిరిగి చేతులు జోడించారు.